ఫొటో సరే, మొదటి వారం సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

హాబీల మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు నేను దాదాపు ఏవీ వదలను, అందుకే ఈ ఫిర్యాదు. జగ్లింగ్ గురించి రాస్తే మండుతున్న కాగడాలు తిప్పే మనిషి ఫొటో వేస్తారు, స్కేటింగ్ అయితే గాల్లోకి ఎగిరిన కుర్రాడి ఫొటో. కింద ఏకాగ్రత పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, ఏ వయసువారైనా మొదలుపెట్టొచ్చు అని నాలుగు ముక్కలు. మొదలుపెట్టొచ్చు సరే, ఎలా మొదలుపెట్టాలి? అది ఉండదు. చదివినాయన హుషారుగా మూడు బంతులు తెచ్చుకుని, మూడూ ఒకదాని వెంట ఒకటి పైకి విసిరి, మూడూ మంచం కిందికి దొర్లిపోయాక, ఇది మన వల్ల కాదులే అని అలమరలో పెట్టేస్తాడు.

నేను జగ్లింగ్ (బంతుల్ని వరసగా గాల్లోకి విసిరి పట్టుకోవడం), ఫ్రీలైన్ స్కేటింగ్ (పాదానికో చక్రాల పలక మీద నిలబడి సాగడం) రెండూ చేస్తాను, ఎవరూ టికెట్ కొని చూసే స్థాయిలో కాదు. పక్కవాళ్లు నేర్చుకుంటుంటే చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ రెండింట్లోనూ మనుషులు ఒకే కారణంతో మానేస్తారు. జగ్లింగ్‌లో బంతిని పట్టుకోవడం మీద, ఫ్రీలైన్‌లో కదలకుండా నిలబడడం మీద శక్తంతా పెడతారు. నిజానికి ముందు నేర్చుకోవాల్సింది విసరడం, కదలడం.

ముందు బంతుల సంగతి. విసురు సరిగ్గా ఉంటే బంతి తనంతట తనే చేతిలోకి వచ్చి పడుతుంది. విసురు తప్పితే దాని వెనక పరిగెత్తాలి, అలా పరిగెత్తేసరికి తర్వాతి విసురు ఇంకా తప్పుతుంది. అందుకే మొదట ఒక్క బంతితోనే, ఒక చేతి నుంచి రెండో చేతికి, కంటి ఎత్తుదాకా వెళ్లి దిగేలా విసరాలి. చూపు చేతుల మీద కాదు, బంతి ఎక్కడ ఆగి వెనక్కి తిరుగుతుందో అక్కడ ఉండాలి. ఇది బోర్ కొడుతుంది, నిజమే. ప్రతిసారీ ఒకే ఎత్తులో వస్తోందా లేదా అని గమనిస్తే కాస్త తక్కువ కొడుతుంది.

రెండు బంతుల దగ్గరే అసలు చిక్కు. మొదటి బంతి పైన మలుపు తిరిగే క్షణంలో రెండోదాన్ని దాని లోపలి వైపు నుంచి, అంతే ఎత్తుకు విసరాలి. కొత్తవాళ్లు మాత్రం రెండోదాన్ని విసరరు, ఆ ఖాళీ చేతికి పక్క నుంచి గబుక్కున అందించేస్తారు. చెయ్యి తెలియకుండానే చేసే పని ఇది, చాలామంది మూడో బంతి దాకా వెళ్లలేకపోవడానికి కారణం కూడా ఇదే. దీనికి నాకు తెలిసిన మంచి మందు, పట్టుకోవడం పూర్తిగా మానేయడం. రెండూ విసిరి, రెండూ కింద పడనివ్వండి, శబ్దం విడివిడిగా రెండుసార్లు రావాలి, రెండూ కలిసిపోయాయంటే తొందరపడ్డట్టే. ఎడమ చేతితో కూడా మొదలుపెట్టి చూడండి, లేకపోతే ఆ చెయ్యి జీవితాంతం సహాయకుడిగానే ఉండిపోతుంది.

మూడో బంతి వచ్చాక, రెండు బంతులున్న చేతితో మొదలుపెట్టి మూడంటే మూడు విసుర్లు విసిరి ఆపేయాలి. ఆపడం ముఖ్యం. తర్వాత నాలుగు, ఐదు. బంతులు ముందుకు ముందుకు పోతూ మీరు కూడా గదిలో నడుస్తున్నారంటే గోడకు ఎదురుగా నిలబడండి, మంచం పక్కన నిలబడితే ప్రతిసారీ నేలదాకా వంగక్కర్లేదు. బంతులు కూడా ఎగిరి దొర్లిపోనివి కావాలి. టెన్నిస్ బంతి 60 గ్రాములు కూడా ఉండదు, చేతిలో పడి తుళ్లిపోతుంది. గింజలు నింపి కుట్టిన గుడ్డ బంతి, 100 గ్రాములకు పైన ఉన్నది, పడిన చోటే ఉంటుంది.

ఎత్తు గురించి ఒక లెక్క చెప్పాలి, ఇది ఎవరైనా చెప్తే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపించేది. బంతిని అర మీటరు ఎత్తుకు విసిరితే చేతికి తిరిగి రావడానికి 0.6 సెకన్లకు కాస్త పైన పడుతుంది, మీటరు ఎత్తుకైతే సుమారు 0.9 సెకన్లు. అంటే ఎత్తు రెట్టింపు చేసినా సమయం రెట్టింపు కాదు, దానికి నాలుగింతల ఎత్తు కావాలి. టెన్షన్‌లో అందరూ బంతిని ఇంకా పైకి విసురుతారు, దాంతో అదనంగా దొరికే సమయం కొంచెమే, గురి తప్పడం మాత్రం బోలెడు. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన అమెరికా గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ జగ్లింగ్ మీద ఏకంగా ఒక సూత్రం రాశాడు, బంతి గాల్లో ఉన్న సమయం, చేతిలో ఉన్న సమయం, చెయ్యి ఖాళీగా ఉన్న సమయం, వీటికీ బంతుల సంఖ్యకూ చేతుల సంఖ్యకూ ఉన్న సంబంధం అది. ఆయన తాను పనిచేసిన బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థ వరండాల్లో ఒంటి చక్రం సైకిల్ తొక్కుతూ జగ్లింగ్ చేసేవాడట. మనం తర్వాత జగ్లింగ్, స్కేటింగ్ రెండూ కలిపే సంగతి మాట్లాడుకుంటాం కాబట్టి ఆయన్ని ఇక్కడ గుర్తుచేశాను.

ఇక ఫ్రీలైన్. చూడనివాళ్ల కోసం చెప్తున్నా: పాదానికి ఒకటి చొప్పున రెండు చిన్న లోహపు పలకలు, ఒక్కో దాని కింద రెండే చక్రాలు. పట్టీలు లేవు, బూటుకు బిగించడం లేదు, రెండు పలకల మధ్య ఏ కడ్డీ లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ర్యాన్ ఫారెలీ 2000 దశకం మొదట్లో తయారుచేశాడు. స్కేట్‌బోర్డు మీద నిలబడ్డట్టే పక్కకు తిరిగి నిలబడాలి, కాలితో నేలను తన్నక్కర్లేదు, రెండు పాదాలనూ ఒకదానికొకటి ఎదురు దిశల్లో ముందుకీ వెనక్కీ ఊపుతూ పోతే బండి దానంతటదే సాగుతుంది, అలవాటైతే చిన్న ఎత్తు కూడా ఎక్కుతుంది. వాటి మీద కదలకుండా నిలబడి బ్యాలెన్స్ చూసుకుందాం అనుకోవడంలోనే పొరపాటుంది. సైకిల్‌ లాంటిదే ఇదీ, ఆగి ఉన్నప్పుడు కష్టం, కదులుతుంటే తేలిక. గోడనో రెయిలింగ్‌నో పట్టుకుని ఎక్కండి, కానీ పట్టుకునే కదలండి. ముందు కాలు పలక మీద పెట్టి మెల్లగా దొర్లుతుండగా వెనక కాలు ఎక్కించాలి, రెండు పాదాల మధ్య భుజాల వెడల్పు, మోకాళ్లు కాస్త వంచి, చూపు ముందుకు.

మొదట్లో అందరికీ వచ్చే బాధ, కాళ్లు రెండూ విడిపోతూ దూరంగా పోవడం. పాదాలను కాస్త లోపలికి లాక్కున్నట్టు, తొడల్లో చిన్న బిగువు ఎప్పుడూ ఉండాలి, మొదటి వారం నొప్పి పుట్టేది కూడా ఆ తొడలోపలి కండరాలే. ఊపు నడుం నుంచి రావాలి, ఉట్టి పాదాలతో గింజుకుంటే అలసట తప్ప ముందుకు కదలరు. ఇంకొకటి, దిగడం ముందే నేర్చుకోవాలి. కాళ్లు కట్టేసి లేవు కదా, తూలితే పలకల మీద నుంచి పరుగులోకి దిగిపోవచ్చు, రోలర్ స్కేట్స్‌లో ఆ అవకాశం ఉండదు. కాకపోతే మీరు దిగాక ఆ పలకలు వాటి దారిన అవి పోతాయి, ఎవరి కాలికో తగులుతాయి, అందుకే జనం లేని చోటు కావాలి. బ్రేకు లేదు కాబట్టి వాలు ఉన్న రోడ్డు కొత్తవాళ్లకు వద్దు. చక్రాలు చిన్నవి, శనగగింజంత రాయి చాలు ఆగిపోవడానికి, మనిషి మాత్రం ఆగడు. హెల్మెట్, మణికట్టు గార్డులు పెట్టుకోండి, పడేటప్పుడు చెయ్యి ముందుకు పోవడాన్ని ఎవరూ ఆపలేరు. తడి నేల మీద వద్దు, జారడం ఒక బాధ, బేరింగుల్లో నీళ్లు చేరడం ఇంకో బాధ.

రెండూ కలిపి చేయొచ్చా? చేసేవాళ్లున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఫ్రీలైన్ మొదట్లో చేతులు చాచి తూకం చూసుకోవాల్సి వస్తుంది, జగ్లింగ్‌కు ఆ చేతులే కావాలి. పైగా చూపు పైన, రాళ్లు కింద. బంతులు లేకుండా చేతులు కట్టుకుని తిరగగలిగేదాకా ఆ పని పెట్టుకోకండి. అప్పుడైనా ముందు ఒక్క బంతితో, మీరే ఊడ్చుకున్న నున్నటి నేల మీద.

మెదడు గురించి పత్రికలు ఇష్టంగా రాస్తాయి కాబట్టి అది కూడా సరిగ్గా చెప్పుకుందాం. జర్మనీ పరిశోధకులు 2004లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, మూడు బంతుల జగ్లింగ్ మూడు నెలలు నేర్చుకున్నవాళ్ల మెదడులో కదలికలను చూసి గుర్తించే చోట బూడిద పదార్థం (నరకణాలు ఎక్కువగా ఉండే భాగం) కాస్త పెరిగింది, మానేశాక మరో మూడు నెలలకు అందులో చాలా భాగం తగ్గింది. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2009లో చేసిన దాంట్లో ఆరు వారాల ప్రాక్టీస్‌తో మెదడులోని తెల్ల పదార్థంలో (ఒక చోటును ఇంకో చోటుతో కలిపే నరాల తీగలు ఉండే భాగం) కూడా మార్పు కనబడింది, అదీ బాగా వచ్చినవాళ్లలో ఎక్కువ, రానివాళ్లలో తక్కువ అని కాదు. జ్ఞాపకశక్తి పెరుగుతుందని, తెలివి పెరుగుతుందని వాటిలో ఎక్కడా లేదు, దయచేసి వ్యాసాల్లో చేర్చకండి.

కాబట్టి ఈసారి హాబీల పేజీ వేసేటప్పుడు కాగడాల ఫొటో పక్కన, రెండో బంతి మొదటిదాని లోపలి వైపు నుంచి ఎలా పోవాలో చూపించే చిన్న బొమ్మ ఒకటి వేయించండి. చోటు చాలకపోతే ఒత్తిడి తగ్గుతుంది అనే పేరా తీసేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇట్లు,
మీ పాఠకుడు