ఉత్తర చెన్నై ఆడపిల్లలకు ఒక పచ్చిక మైదానం ఇప్పించండి: క్రీడాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తమిళనాడు క్రీడాభివృద్ధి శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

నేను ఉత్తర చెన్నైలో ముప్పై ఏళ్లకు పైగా వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేసిన తెలుగు మహిళను. ఈ లేఖ తమిళ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తెలుగులో కూడా రాయడానికి ఒక కారణం ఉంది. వ్యాసర్పాడి, పెరంబూరు ప్రాంతాల నుంచి తెల్లవారుజామున నా దగ్గరికి రగ్బీ నేర్చుకోవడానికి వచ్చే పద్దెనిమిది మంది ఆడపిల్లల్లో పదకొండు మంది ఇళ్లలో తెలుగే మాట్లాడుకుంటారు. వాళ్ల పిల్లల తరఫున నేనేమి అడుగుతున్నానో ఆ తల్లిదండ్రులకు తెలియాలి. తెలుగు చదవగలిగినవారు చదివి, చదవడం రానివారికి వినిపిస్తారని నా నమ్మకం.

2025 సెప్టెంబరు 27న లండన్‌లోని ట్వికెన్‌హామ్ స్టేడియంలో మహిళల రగ్బీ ప్రపంచకప్ తుది పోరు జరిగింది. మరునాడు ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో బొమ్మల కొలువు ముందు చాప పరచుకొని, పిల్లలతో కలిసి ఆ ఆట చూశాను. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనించడాన్ని ట్రై అంటారు. మొదటి ట్రై కెనడాది. కొద్ది నిమిషాలకే ఇంగ్లండ్ క్రీడాకారిణి ఎలీ కిల్డన్ బంతి అందుకొని, అడ్డు వచ్చినవారిని ఒక్కొక్కరినే తప్పించుకుంటూ ఒంటరిగా పరుగెత్తి లెక్క సరిచేసింది. చివరికి ఇంగ్లండ్ 33–13తో గెలిచింది. మా పిల్లలు మాత్రం స్క్రమ్‌నే పదేపదే వెనక్కి తిప్పి చూశారు. ఎనిమిది మంది మరో ఎనిమిది మందితో భుజాలు కలిపి తోసుకొనే ఆ పెనుగులాటను చూస్తూ, బడిలో ఏ ఆటకూ ఎవరూ పిలవని ఒక బొద్దుపిల్ల, ‘టీచర్, నేను ముందు వరసలో నిలబడతాను’ అన్నది. ఇన్నేళ్ల ఉద్యోగంలో, తన ఒంటిని గురించి ఒక ఆడపిల్ల అంత ధీమాగా మాట్లాడటం నేను విన్నది చాలా తక్కువ.

ఆ రోజు స్టేడియంలో 81,885 మంది ఉన్నారు. మహిళల రగ్బీ ఆటకు అంతమంది రావడం ప్రపంచంలో అదే మొదటిసారి. మంత్రివర్యులు ఈ అంకె పక్కన మరొక అంకెను పెట్టి చూడాలని నా మనవి. 2010లో ఇదే ప్రపంచకప్ తుది పోరును అదే ఊళ్లో, పెద్ద రోడ్డుకు ఇవతల ఉన్న స్టూప్ అనే చిన్న స్టేడియంలో జరిపారు. న్యూజిలాండ్ 13–10తో ఇంగ్లండ్‌ను ఓడించిన ఆ ఆటకు వచ్చినవారు 13,253 మంది. ఆడవాళ్ల ప్రపంచకప్ తుది పోరు ఆ ఒక్క రోడ్డు దాటి పెద్ద స్టేడియంలోకి రావడానికి పదిహేనేళ్లు పట్టింది. ఆ పదిహేనేళ్లలో జనం మనసు దానంతట అదే మారిపోలేదు. 2019లో ఇంగ్లండ్ రగ్బీ సంఘం 28 మంది మహిళలకు పూర్తికాలపు జీతాలతో ఒప్పందాలు ఇచ్చింది. అంతకుముందు ఉద్యోగం చేసుకుంటూ పొద్దున, సాయంత్రం సాధన చేసినవారు ఆ తర్వాత ఆటనే వృత్తిగా చేసుకున్నారు. 1991లో తొలి మహిళా ప్రపంచకప్‌ను అంతర్జాతీయ సంఘం గుర్తింపు కూడా లేకుండా కార్డిఫ్‌లో నడిపించిన నలుగురు మహిళల్లో ఒకరైన డెబోరా గ్రిఫిన్, 2025లో ఈ తుది పోరు జరిగే నాటికి అదే ఇంగ్లండ్ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలు.

ఓడిన కెనడా పరిస్థితి మాకు మరింత దగ్గరగా అనిపించింది. ప్రపంచకప్ సన్నాహాలకు చాలినంత డబ్బు లేక, పది లక్షల కెనడా డాలర్లు కూడబెట్టాలని ఆ దేశ సంఘం ప్రజలను విరాళాలు అడిగింది. అలా వెళ్లిన జట్టు సెమీఫైనల్లో ఆరుసార్లు విజేత అయిన న్యూజిలాండ్‌ను 34–19తో ఓడించింది. ఆ పట్టుదలకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ దీన్ని చూపించి, చందాలతోనే నెట్టుకురావచ్చు గదా అని మాతో ఎవరూ అనకూడదు. మా పిల్లల తల్లిదండ్రుల్లో పారిశుధ్య కార్మికులు ఉన్నారు, ఇళ్లలో పనిచేసేవారు ఉన్నారు. వాళ్లను ఇంకేమి అడగగలం?

మన దేశం సంగతికి వస్తే, పదిహేను మంది ఆడే రగ్బీలో భారత మహిళల జట్టు తొలిసారి బరిలోకి దిగింది 2018లో. మరుసటి ఏడాది మనీలాలో సింగపూర్‌ను 21–19తో ఓడించి మొదటి గెలుపు అందుకుంది. ఆ తరంలో మెరిసిన స్వీటీ కుమారి బీహార్ అమ్మాయి. అదే బీహార్ 2025 ఆగస్టులో రాజ్‌గిర్‌లో ఇరవై ఏళ్లలోపువారి ఆసియా సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) పోటీలను నిర్వహించింది. బీహార్‌కు సాధ్యమైనది తమిళనాడుకు ఎందుకు సాధ్యం కాదు? పట్టుపట్టి ఆపడం మన పిల్లలకు కొత్త కాదు. చెడుగుడులో కూతకు వచ్చినవాళ్ల నడుమో చీలమండో దొరకబుచ్చుకోవడం గల్లీలోనే నేర్చుకుంటారు. చెన్నైలోని కణ్ణగి నగర్ నుంచి వెళ్లిన ఒక అమ్మాయి 2025 అక్టోబరులో బహ్రెయిన్‌లో ఆసియా యువ క్రీడల కబడ్డీ స్వర్ణం గెలిచిన భారత జట్టులో ఆడింది. ఆ పట్టునే రగ్బీకి తగినట్టు మలచుకోవడానికి మా పిల్లలకు పెద్దగా సమయం పట్టలేదు.

వాళ్లకు లేనిది నేల. చెడుగుడుకు చిన్న బరి, కాస్త మెత్తటి మట్టి ఉంటే సరిపోతుంది. రగ్బీలో పూర్తి వేగంతో పరుగెత్తే మనిషిని పట్టి పడగొట్టాలి, పట్టినవారూ పడిపోవాలి. మేము సాధన చేసే మైదానం ఎండాకాలంలో బండలా గట్టిపడి కంకర తేలుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాననీటితో చెరువవుతుంది. నిరుడు ఒక పిల్ల మణికట్టు విరిగితే తప్పు నాదేనని బాధపడ్డాను. అంత గట్టి నేల మీద టాకిల్, అంటే పట్టి పడగొట్టడం, నేర్పకూడదు. అప్పటి నుంచి బంతి అందించడం, పరుగెత్తడం మాత్రమే నేర్పుతున్నాను. సగం ఆటే నేర్పుతున్నానని నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు.

ఆ మైదానం కూడా మా చేతిలో ఉండదు. క్రికెట్ పోటీ ఉందని మగపిల్లలు వచ్చి పక్కకు జరగమంటే జరగాల్సిందే. మాకు అక్కడ సమయం కేటాయించినట్టు చూపడానికి ఒక్క కాగితం లేదు. బట్టలు మార్చుకోవడానికి గది లేదు, మరుగుదొడ్డి లేదు. పెద్దమనిషి అయిన తర్వాత నలుగురు పిల్లలు మానేశారు, వాళ్ల అమ్మలను నేను తప్పుపట్టలేను.

2023లో ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీ హాకీ కోసం ఎగ్మూరులోని మేయర్ రాధాకృష్ణన్ స్టేడియంలో కొత్త టర్ఫ్ పరిచిన రాష్ట్రం మనది. మేము అంత ఖర్చు అడగడం లేదు. ఉత్తర చెన్నైలో 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పున్న ఒక స్థలాన్ని ఎంచి, వాననీరు పోయే ఏర్పాటు చేసి, గడ్డి నాటించి, దాని పక్కనే తలుపు గడియ సరిగ్గా పడే గది ఒకటి కట్టించండి. తలకు దెబ్బ తగిలిన పిల్లను ఆ రోజు మళ్లీ ఆటలోకి దించకూడదని తెలిసిన శిక్షకురాలిని, వీలైతే మహిళనే, నియమించండి. లండన్‌లో ఆ క్రీడాకారిణులు తలకు బలమైన కుదుపు తగిలితే వెలిగే దంతకవచాలు పెట్టుకొని ఆడారు. మా దగ్గర కనీసం ఆ సంగతి గమనించే మనిషైనా ఉండాలి.

తదుపరి ప్రపంచకప్‌లు 2029లో ఆస్ట్రేలియాలో, 2033లో అమెరికాలో జరుగుతాయి. ముందు వరసలో నిలబడతానన్న పిల్లకు ఆ చాప మీద కూర్చున్ననాటికి పదమూడేళ్లు; 2033లో ఇరవై ఒకటి. ఆమె భారత జట్టులో ఉంటుందని నేను మాట ఇవ్వలేను. ఈ నేల మీద అయితే ఉండలేదని మాత్రం చెప్పగలను.

గడ్డి మొలవడానికి సమయం పడుతుంది, అందాకా ఆగుతాం. ఈలోపు వారంలో ఐదు రోజులు, తెల్లవారి ఐదున్నర నుంచి ఏడున్నర దాకా మైదానం ఆడపిల్లలదని ఒక ఉత్తర్వు ఇప్పించి, దాని ప్రతిని తమిళంలోనూ తెలుగులోనూ గేటు దగ్గర అతికించమని ఆదేశించండి. పక్కకు జరగమన్నవారికి పిల్లలు దాన్ని చూపిస్తారు.

భవదీయురాలు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
పెరంబూరు, చెన్నై