అంటించని కవర్లు

ప్రియమిత్రమా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పుటలు నింపి కూడా చెప్పవలసింది ఇంకా మిగిలిపోయిందని వాపోయావు. అది చదువుతుంటే, ఈమధ్య నేను విడవకుండా చదువుతున్న ఒంటిపుట ఉత్తరాలు గుర్తుకు వచ్చాయి.

అమెరికా అంతర్యుద్ధం 1861 ఏప్రిల్‌లో మొదలైనా, పోరాడుకుంటున్న ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య తపాలా మే నెలాఖరు దాకా నడిచింది. ఆ తరువాత ఆడమ్స్ ఎక్స్‌ప్రెస్ వంటి ప్రైవేటు సంస్థలు అదనపు రుసుము తీసుకుని కొన్నాళ్లు ఉత్తరాలు దాటించాయి గాని, ఆగస్టులో ఉత్తరాదిన ఉన్న లింకన్ ప్రభుత్వం ఆ దారిని కూడా మూసివేసింది. ఇక మిగిలినది తెల్లజెండా తపాలా, అంటే తాత్కాలిక సంధికి గుర్తైన తెల్లజెండా చాటున ఇరుపక్షాలూ ఉత్తరాలు మార్చుకోవడం. ఉత్తరాన్ని అంటించని కవరులో పెట్టి, దానిని మరో కవరులో ఉంచి, వర్జీనియా తీరాన ఉన్న ఫోర్ట్ మన్రో వంటి మార్పిడి కేంద్రానికి పంపాలి. అక్కడి అధికారి పై కవరు తీసివేసి, ఉత్తరం చదివి, అభ్యంతరకరమైనది ఏదీ లేకపోతేనే అవతలి పక్షానికి అప్పగించేవాడు. ఒక్క పుట దాటకూడదు, కింద పూర్తి పేరు ఉండాలి, కుటుంబ విషయాలు తప్ప మరేమీ రాయకూడదు.

ఈ చివరి నియమమే నాకు అన్నిటికంటె క్రూరంగా తోచింది. కొడుకు పోయాడని తల్లికి రాయడం కుటుంబ విషయమే; ఏ దళంలో ఉండగా, ఏ ఊరి దగ్గర పోయాడో రాస్తే మాత్రం అది యుద్ధ సమాచారమైపోతుంది. లింకన్ భార్య మేరీ సవతి తమ్ముళ్లే దక్షిణ సైన్యంలో పోరాడారంటే, ఇటువంటి చీలిక ఎన్ని ఇళ్లలో ఉండి ఉంటుందో నువ్వే ఊహించుకో.

దక్షిణం నుంచి వచ్చిన అటువంటి ఒక కవరు బొమ్మను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. రెండు ప్రభుత్వాలకూ రుసుము చెల్లించాలి కనుక, దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ బొమ్మ ఉన్న 10 సెంట్ల నీలి తపాలా బిళ్ల, దాని పక్కనే జార్జి వాషింగ్టన్ ఉన్న 3 సెంట్ల గులాబి రంగు బిళ్ల అంటించి ఉన్నాయి. రణరంగంలో ఒకదాన్నొకటి కూల్చజూస్తున్న ప్రభుత్వాలు కవరు మీద మాత్రం పక్కపక్కనే సర్దుకున్నాయి. వాషింగ్టన్ కూడా దక్షిణాదిన చేరిన వర్జీనియావాడే కదా, ఆయనకు పెద్ద ఇబ్బంది ఉండి ఉండదులే!

కాగితం కరువై దక్షిణాదివారు గోడలకు అంటించే పూల కాగితాన్ని కూడా కవర్లుగా మడిచారు. వచ్చిన కవరునే విప్పి, తిరగేసి, మళ్లీ అంటించి వాడుకున్నవారూ ఉన్నారు. అటువంటి కవరును విప్పితే లోపలి వైపున పాత చిరునామా కనిపిస్తుంది.

నీ తరువాతి ఉత్తరం ఎన్ని పుటలైనా సరే, కవరు మాత్రం గట్టిగా అంటించి పంపు.

నీ మిత్రుడు