బై వీక్‌లో ఉన్నవాణ్ని ఆడించావేంట్రా!

తెనాలి,
26-11-2024

చిరంజీవి కిట్టుకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ శ్రావణీ క్షేమమని తలుస్తాను. తలవడమే, నువ్వు చెప్తే కదా తెలిసేది! ఎప్పుడు చేసినా "మీటింగ్‌లో ఉన్నానమ్మా" అంటావు. సరేలే, పనులుంటాయి. నేనేమీ అనుకోవడం లేదు.

కార్తీకం అయిపోవచ్చింది. నిన్న ఆఖరి సోమవారమని శివాలయానికి వెళ్తే కాలు పెట్టే చోటు లేదు. రాజ్యం పిన్ని అక్కడే కనిపించింది. దాని సంగతి తర్వాత రాస్తాను. మీ నాన్న పెర్త్ టెస్టు అయ్యేదాకా టీవీ ముందు నుంచి లేవలేదు. మన వైజాగ్ కుర్రాడు నితీశ్ రెడ్డికి అదే మొదటి టెస్టు. టోపీ కోహ్లీ చేతుల మీదుగా ఇచ్చారు. మొదటి ఇన్నింగ్స్‌లో 41 కొట్టి, మనవాళ్ళలో అందరికంటే ఎక్కువ పరుగులు ఆ పిల్లాడే చేశాడు. మీ నాన్న కళ్ళు తుడుచుకుంటూ ఉల్లిపాయలు తరుగుతున్నావా అని నన్నడిగారు. నేను ఆ రోజు ఉల్లిపాయ ముట్టనే లేదు.

అసలు సంగతి. మన అమెరికా ఫుట్‌బాల్ ఫాంటసీలో, అదే, నిజం ఆటగాళ్ళని ఏరుకుని వాళ్ళ ఆటని బట్టి పాయింట్లు లెక్కేసుకునే పోటీలో, పోయిన వారం నీ టీముకీ నా టీముకీ పడింది. చూసుకున్నావా? నేను గెలిచాను. నా క్వార్టర్‌బ్యాక్, అదే బంతి విసిరే ఆటగాడు మహోమ్స్, కరోలినా మీద మూడు టచ్‌డౌన్లు (బంతిని అవతలి గీత దాటించే స్కోరు) వేశాడు. కానీ అదేం గెలుపురా! నీ లైనప్‌లో క్వార్టర్‌బ్యాక్ ఎవరని చూస్తే కర్క్ కజిన్స్. అతని టీము అట్లాంటాకి పోయిన వారం బై, ఆటే లేదు. ఆట లేనివాణ్ని ఆడించావు, గుండు సున్నా. నిరుడు నేను అక్కడున్నప్పుడు జ్వరం వచ్చినా పదిన్నరకి ఇన్‌యాక్టివ్ లిస్టు చూశాకే కాఫీ తాగేవాడివి. ఆటకి గంటన్నర ముందు ఎవరు దిగుతున్నారో లేదో చెప్తారని, యార్డులు, పాయింట్లు అని నాకు అంతా నేర్పింది నువ్వే కదా. అలాంటివాడివి ఇలా వదిలేశావంటే నాకు నిద్రెలా పడుతుంది?

పిన్ని ఏమందంటే, శ్రావణి వాళ్ళ అమ్మతో ఏదో అందట. మీ ఆఫీసులో నీ కింద కొత్త కుర్రాణ్ని వేశారని, వాడికి నీ పనంతా నేర్పమన్నారని, నువ్వు ఆ రోజు నుంచీ ముభావంగా ఉంటున్నావని. పిన్ని గోరంత కొండంత చేస్తుందని నాకూ తెలుసు. శ్రావణిని ఒక్క మాట అనకు, ఆ పిల్ల నాతో "అంతా బాగానే ఉందత్తయ్యా" అనే అంది. నేనూ గుచ్చి గుచ్చి అడగను.

కజిన్స్ సంగతే చూడు. మార్చిలో అట్లాంటాతో నాలుగేళ్ళకి 18 కోట్ల డాలర్ల ఒప్పందం. ఏప్రిల్లో డ్రాఫ్ట్ (కాలేజీ కుర్రాళ్ళని టీములు వంతులవారీగా ఎంచుకోవడం) రాగానే అదే టీము ఎనిమిదో పిక్‌లో, అంటే ఎనిమిదో వంతులో, పెనిక్స్ అనే కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చి పక్కన కూర్చోబెట్టింది. అతనికి ఎలా ఉండి ఉంటుంది? అయినా అక్టోబరులో టాంపా బే మీద 509 యార్డులు విసిరాడు, ఆ టీము చరిత్రలోనే రికార్డు. మొన్న డెన్వర్ చేతిలో 38-6తో ఓడారు, ఇక అందరూ పెనిక్స్‌ని దింపమంటున్నారు. రోజూ పక్క కుర్చీలో కుర్రవాణ్ని చూస్తూ పని చేసుకోవాలంటే ఎవరికైనా టెన్షనే.

దానికి నాకు గుర్తొచ్చేది అలెక్స్ స్మిత్ అనే క్వార్టర్‌బ్యాక్. నువ్వు చెప్పిన కథ నీకే చెప్తున్నానని నవ్వకు, నీకు చెప్పడం వచ్చింది కానీ వినడం రాలేదు. 2005లో ఆయన మొత్తం డ్రాఫ్ట్‌లో మొదటి పిక్. ఆరన్ రాడ్జర్స్ అంతటివాడు అదే రోజు 24వ పిక్ దాకా ఆగాల్సి వచ్చింది. తీసుకున్న టీము శాన్‌ఫ్రాన్సిస్కోలో స్మిత్‌కి దాదాపు ఏటా కొత్త కోచ్, ఏటా కొత్త పాఠం, భుజానికి ఆపరేషన్లు. ఎలాగో నిలదొక్కుకుని 2012లో బాగా ఆడుతుంటే తలకి దెబ్బ తగిలింది. ఆయన కోలుకునేలోగా కేపర్నిక్ అనే కుర్రాడు బాగా ఆడాడని స్మిత్‌ని బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ కుర్రాడే వాళ్ళని సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) దాకా తీసుకెళ్ళాడు. ఈయన పక్కన నిలబడి చూశాడు. మరుసటి ఏడాది మీ కాన్సాస్ సిటీ చీఫ్స్ టీముకి పంపేశారు. అంతకుముందు ఏడాది రెండే ఆటలు గెలిచిన టీము ఈయన వచ్చాక 11 గెలిచింది. ఇంతా చేస్తే 2017లో టీము వాళ్ళు డ్రాఫ్ట్‌లో 27వ చోటు నుంచి 10కి ఎగబాకి మరీ ఎవర్ని తెచ్చారు? మహోమ్స్‌ని. రెండోసారి అదే అనుభవం! నేనైతే ముఖం చూసేదాన్ని కాదు. ఈయన ఏం చేశాడు? ఆ పిల్లాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని వీడియోలు ఎలా చూడాలో, వారమంతా ఎలా తయారవ్వాలో చూపించాడు. ఆ సంగతి మహోమ్స్ ఇప్పటికీ చెప్తూనే ఉంటాడు. పైగా ఆ ఏడాదే స్మిత్ తన జీవితంలో అన్నిటికంటే బాగా ఆడాడు. 4,042 యార్డులు, 26 టచ్‌డౌన్లు, ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్ళ చేతికి పోయిన బంతులు) అయిదే. ఆ ఏడాది పాసర్ రేటింగ్‌లో, అంటే బంతి విసరడానికి వేసే మార్కుల్లో, లీగంతటికీ మొదటివాడు. అప్పుడు నువ్వు ఇంకా ఎమ్మెస్‌లో ఉన్నావు, అతన్ని ఫాంటసీలో చివరి రౌండ్‌లో ఊరికే తీసుకుని సీజనంతా బతికావు. అంత ఆడినా జనవరి నెలాఖరుకి వాషింగ్టన్‌కి ట్రేడ్ చేసేశారు. తర్వాతి ఏడాది మహోమ్స్ 50 టచ్‌డౌన్లు విసిరి ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడు) అయ్యాడు. స్మిత్‌కి ఆ నవంబరులోనే కాలు విరిగింది. 17 ఆపరేషన్లు. అయినా 2020లో మళ్ళీ మైదానంలోకి దిగాడు. ఆ కాలి ఫోటో నువ్వు చూపిస్తే నేను ఆ రోజు అన్నం తినలేదు.

మరి రాడ్జర్స్‌కి ముందు గ్రీన్ బే టీముకి ఆడిన ఫావ్ర్? రాడ్జర్స్‌కి నేర్పడం తన ఒప్పందంలో లేదన్నాడు. ఆయన్నీ 2008లో న్యూయార్క్ జెట్స్‌కి పంపేశారు. నేర్పినవాణ్నీ పంపారు, నేర్పనివాణ్నీ పంపారు. అందుకని నేర్పితే నీ ఉద్యోగం నిలుస్తుందని నేను చెప్పడం లేదు, నేర్పకుండా దాచుకుంటే నిలుస్తుందనీ అనుకోకు. వాళ్ళు చేసేది వాళ్ళు చేస్తారు. నువ్వు మాత్రం ఆ కుర్రాడితో ముఖం ముడుచుకుని కూర్చోకు. వాడూ ఎవరి కొడుకో. ఫాంటసీలో నేర్పినందుకు ఒక్క పాయింటూ రాదు, నిజమే. 25 యార్డులకి ఒకటి, టచ్‌డౌన్‌కి నాలుగు, అంతే లెక్క. కానీ లెక్కలోకి రానిది రిసీవర్లకి, అంటే బంతి పట్టేవాళ్ళకి, చేరుతుంది. నిరుడు క్రిస్మస్ ముందురోజు గుర్తుందా? నవంబరు దాకా ఇంట్లో కూర్చున్న 38 ఏళ్ళ క్వార్టర్‌బ్యాక్ ఫ్లాకో క్లీవ్‌లాండ్‌కి వచ్చాడు. ఆ రోజు అతను విసిరితే అమరీ కూపర్ 265 యార్డులు పట్టాడు. నువ్వు సోఫా మీంచి గెంతితే కింది అపార్ట్‌మెంటువాళ్ళు తలుపు కొట్టారు. పాతవాడి చేతిలో బంతి పడితే చుట్టూ ఉన్నవాళ్ళ పాయింట్లు ఎలా పెరుగుతాయో అప్పుడే నాకు అర్థమైంది. మీ మేనేజర్‌కీ ఆపాటి లెక్క తెలిసే ఉంటుంది. తెలియకపోతే చెప్పేది నువ్వే. గట్టిగా, మర్యాదగా.

లెక్చర్ ఇవ్వకూడదనుకుంటూనే ఇచ్చాను. ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఒకవేళ పిన్ని అన్నదే నిజమై వాళ్ళు పొమ్మంటే, హెచ్‌1బీ వీసా వాళ్ళకి ఇంకో ఉద్యోగం చూసుకోడానికి 60 రోజులే గడువని చిట్టి వాళ్ళాయన చెప్పాడు. రెజ్యూమె ఇప్పుడే సరిచేసుకో. గ్రీన్‌కార్డు కోసం ఆఫీసువాళ్ళు వేసిన ఐ-140 అప్రూవల్ కాగితం కాపీ నీ దగ్గరుందా, లాయరు దగ్గరే ఉందా? అడిగి తెచ్చుకో. ఇల్లు కొందామన్న మాట కొన్నాళ్ళు పక్కన పెట్టండి. డబ్బుకి ఇబ్బందైతే మీ నాన్న పేరు మీదున్న డిపాజిట్ మార్చిలో మెచ్యూర్ అవుతుంది, ఆయన్ని నువ్వు అడగనక్కర్లేదు, నేనే తీయిస్తాను. ఈ సంగతి ఆయనకి ఇంకా తెలియదు, ఫోన్లో అనేయకు.

చలి మొదలై ఉంటుంది. పాదాలు పగులుతాయి, రాత్రి కొబ్బరినూనె రాసుకుని సాక్సులు వేసుకో. సన్నబడ్డావని శ్రావణి పెట్టిన ఫోటోలో తెలుస్తోంది. పొద్దున ఆ చల్లటి పాలల్లో అటుకులు కాకుండా ఇంత ఉప్మా చేసుకుంటే ఏం పోయింది?

ఈ వారం ఎవరికీ బై లేదు. థ్యాంక్స్‌గివింగ్ ఆటలు గురువారమే మొదలు, మీ చీఫ్స్ ఆట శుక్రవారం. లైనప్ ముందే పెట్టుకో. కజిన్స్‌ని ఉంచుకుంటావో తీసేస్తావో నీ ఇష్టం, నేనైతే ఉంచుతాను. గురువారం సెలవు కదా, మీకు రాత్రి ఎనిమిదిన్నరైతే మాకు శుక్రవారం పొద్దున ఎనిమిది, పనిమనిషి కూడా ఉండదు. అప్పుడు చెయ్. ఆఫీసు సంగతి మాట్లాడకపోయినా పర్వాలేదు.

కందిపొడి, గోంగూర పచ్చడి సుబ్బారావు గారి అమ్మాయి చేత పంపుతున్నాను. ఆ పిల్ల డల్లాస్‌లో దిగి అక్కణ్ణుంచి మీకు పోస్టు చేస్తుంది. పచ్చడి సీసా రాగానే మూత తీసి చూడండి, నూనె పైకి తేలకపోతే కాస్త కాచి చల్లార్చి పోయండి.

మీ
అమ్మ