మీ తాత దొరికాడ్రా

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? మీ ఆవిడ, పిల్లలు కులాసాయేనా? ఇక్కడ అందరం బాగున్నాం. మామిడి పూత మాత్రం మంచుకి సగం మాడిపోయింది.

పోయిన నెల నువ్వు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి నాకు అదే ధ్యాస. మీ ఆఫీసులో ఆ తెల్లాయన భోజనాల దగ్గర కూర్చుని, 1950 జనాభా లెక్కల కాగితం ఫోన్లోనే తీసి "ఇదిగో మా నాన్న, అప్పటికి మూడేళ్ళు" అని చూపించాడన్నావు కదా. "ఊళ్ళోనే ఉన్నావుగా, మన తాతలది కూడా తియ్యరా" అని నా నెత్తిన పెట్టేశావు. ఊళ్ళో ఉన్నంత మాత్రాన దొరికేస్తే ఇంకేం!

అమెరికా జనాభా లెక్కలకి 72 ఏళ్ళ గడువు ఒకటుంది. అందుకే 1950లో రాసుకున్నవి 2022 ఏప్రిల్ 1న పేర్లతో సహా తెరిచేశారు. మనకి ఆ గడువు అనే మాటే లేదు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ రిజిస్టర్లు చూసే హక్కు జనానికి లేదు, కోర్టులో సాక్ష్యానికీ పనికిరావు. పోనీ దొరల కాలంవి చూద్దామా అంటే, 1881 నుంచి పదేళ్ళకోసారి ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నారు, అంకెలు కూడుకున్నారు, ఇళ్ళవారీ కాగితాలు మాత్రం దాచలేదు. ఎంతమంది ఉన్నారో కావాలి గానీ ఎవరున్నారో వాళ్ళకెందుకు?

అంకెలైతే బోలెడున్నాయి. జనగణన శాఖ డిజిటల్ లైబ్రరీలో పాత పుస్తకాలు స్కాన్ చేసి ఊరికే పెట్టారు. నేను 1951 జిల్లా పుస్తకం కోసం విజయనగరం అని కొట్టి కొట్టి విసిగిపోయాను. తర్వాత బుర్ర వెలిగింది. ఆ జిల్లా పుట్టిందే 1979లో! అప్పటికి మన ఎస్.కోట తాలూకా విశాఖపట్నం జిల్లాలో ఉంది. అలా వెతికితే మన ఊరు దొరికింది, ఒక్క వరస. 1951లో జనాన్ని బతుకుదెరువుని బట్టి ఎనిమిది తరగతులు చేశారు. సొంత భూమి దున్నుకునేవాళ్ళు ఒకటో తరగతి, కౌలుదార్లు రెండు, కూలీలు మూడు. మూడో గడిలో ఉన్న అంకె మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నానురా. అందులో ఒకటి మా తాత.

ఇక పేరు కావాలంటే డబ్బు వసూలు చేసినచోటే వెతకాలని తేలింది. మనది జమీందారీ ఊరు కదా, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సర్వే చేసి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే ఏ భూమి ఎవరిదో చెప్పే రిజిస్టరు, రాశారు. అది ఇంటర్నెట్‌లో దొరకలేదు. ఒక ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. రెండుసార్లు "సార్ క్యాంపులో ఉన్నారు", మూడోసారి భోజనం టైము. చివరికి ఒక అటెండరు పుణ్యాన కాపీ వచ్చింది. చెరువు కింద ఎకరం నలభై సెంట్లు, పట్టాదారు పేరు దగ్గర మీ తాత! మీ ఇంటిపేరులో ఒక అక్షరం ఎగరగొట్టారు గానీ తండ్రి పేరు సరిపోయింది. ఫొటో వాట్సాప్‌లో పెడతాను, మీ నాన్నకి చూపించు.

మా తాత అందులో లేడు. భూమి లేనివాడి పేరు శిస్తు లెక్కలో ఎందుకుంటుంది?

అయితే చిత్రం చూడు. మా నాయనమ్మ చెప్పేది గుర్తుందా, వాళ్ళ పెదతాత అప్పన్న ఓడెక్కి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదని? 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి లక్షన్నర మందిని చెరకు తోటల్లాంటి చోట్ల పనికి తీసుకెళ్ళారు. మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో. ఆ ఓడల జాబితాలు ఆన్‌లైన్లో ఉన్నాయి. ఒక్కొక్కరికీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద మచ్చలతో సహా! కూలీ పారిపోతే పట్టుకోవాలి కదా. ఊళ్ళో ఉండిపోయిన మా తాతకి పేరైనా లేదు, వెళ్ళిపోయినవాడికి మోకాలి మీద మచ్చ కూడా ఉంది.

విశాఖ జిల్లా అప్పన్నలు ముగ్గురు దొరికారు. ఊరి పేర్లని దొర ఎలా విన్నాడో అలా రాసుకున్నాడు, పైకి చదివితే ఒకటి మాత్రం కాస్త మన ఊరిలా వినిపిస్తోంది. తండ్రి పేరు తెలిస్తే తేల్చేస్తాను. మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. మీ పెద్దత్తకి మా నాయనమ్మ వాళ్ళ సంగతులన్నీ తెలుసు, ఎనభై దాటినా జ్ఞాపకం గట్టిది. నాతో అయితే ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తుంది. నువ్వంటే ప్రాణం కాబట్టి ఈ ఆదివారం నువ్వే చేసి అడుగు. మరిచిపోకు.

నీ
రమణ