బోస్టన్ మంచు మీద పెద్దవాళ్లు గెలవాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. బోస్టన్‌లో జరిగే ప్రపంచ ఫిగర్ స్కేటింగ్ చాంపియన్‌షిప్‌లో మహిళల షార్ట్ ప్రోగ్రామ్ (మొదటి, చిన్న ప్రదర్శన) ఈ నెల, అంటే 2025 మార్చి 26న, ఫ్రీ స్కేట్ (రెండోది, పెద్ద ప్రదర్శన) 28న ఉన్నాయి. ఏళ్ల తరబడి ఈ ఆట చూస్తున్నదాన్ని. ఈసారి ఎవరు గెలవాలనుకుంటున్నానో, ఎందుకు అనుకుంటున్నానో నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది. ఎవరన్నది నా ఇష్టం. ఎందుకన్నది మాత్రం ఆడపిల్లల ఆటలు చూసేవాళ్లందరికీ సంబంధించిన విషయం.

ముందు నా కోరిక చెప్పేస్తాను. జపాన్ స్కేటర్ కావోరి సకమోటో మళ్లీ గెలవాలి. 2022లో మాంపెల్లియే, 2023లో సైతామా, 2024లో మాంట్రియల్, వరసగా మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది. 1966 నుంచి 1968 దాకా గెలిచిన పెగ్గీ ఫ్లెమింగ్ తర్వాత మహిళల్లో ఇంకెవరికీ అది కుదరలేదు. నాలుగో టైటిల్ కూడా వస్తే, అలా వరసగా నాలుగు గెలిచినవాళ్ల కోసం 1960 నాటి కరోల్ హైస్ దాకా వెనక్కి వెళ్లాలి.

సకమోటో క్వాడ్ (గాలిలో నాలుగు చుట్లు తిరిగే జంప్) వేయదు. ట్రిపుల్ యాక్సెల్ (ముందుకు చూస్తూ ఎగిరి మూడున్నర చుట్లు తిరిగే జంప్) కూడా వేయదు. కానీ ఆమె వేసే డబుల్ యాక్సెల్ (అదే జంప్, రెండున్నర చుట్లతో) ఒక్కసారి చూడండి. రింక్ చివరి నుంచి దూసుకొస్తుంది, ఆ వేగంతోనే పైకి లేస్తుంది, చాలా దూరం గాలిలో వెళ్లి దిగుతుంది. దిగాక కూడా వేగం తగ్గదు. నిరుడు మాంట్రియల్‌లో షార్ట్ ప్రోగ్రామ్ అయ్యేసరికి నాలుగో స్థానంలో ఉంది. నాకు చేతులు చల్లబడిపోయాయి. ఫ్రీ స్కేట్‌లో ఏ తొందరా లేకుండా ఒక్కొక్క జంప్ దించుకుంటూ వచ్చి గెలిచింది. వచ్చే నెల ఆమెకు పాతికేళ్లు నిండుతాయి.

ఆ వయసు గురించే ఈ ఉత్తరం. ఆమధ్య మీ క్రీడా పేజీలో ఒక వార్త 24 ఏళ్ల స్కేటర్‌ని వెటరన్ అని రాసింది. చదివి బాధపడ్డాను. ఇరవై నాలుగేళ్లకే ఒక అమ్మాయి వెటరన్ ఎలా అయింది? తప్పు రాసినవాళ్లదని కూడా అనలేను. ఆ ఆటే మనకు అలా అలవాటు చేసింది. 1998 ఒలింపిక్స్‌లో తారా లిపిన్‌స్కీ 15 ఏళ్లకే స్వర్ణం గెలిచింది. 2018లో అలీనా జగితోవా కూడా 15 ఏళ్లకే గెలిచి, మరుసటి ఏడాది చివర్లో 17 ఏళ్లకే పోటీలకు దూరమైంది. 2014 ఒలింపిక్స్‌లో జట్టు స్వర్ణంతో అందరి కళ్లలో పడిన యూలియా లిప్‌నిట్స్‌కయా 19 ఏళ్లకే ఆట మానేసింది. తిండికి సంబంధించిన జబ్బుకు చికిత్స చేయించుకున్నట్టు తనే బయటికి చెప్పింది.

ఇలా ఎందుకు జరుగుతుందో కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది. క్వాడ్ అంటే సెకను కూడా నిండని సమయంలో గాలిలో నాలుగుసార్లు తిరగాలి. సన్నటి చిన్న ఒళ్లయితే త్వరగా తిరుగుతుంది. ఎదిగే వయసులో నడుము, భుజాలు మారగానే నిన్నటిదాకా వచ్చిన జంప్ రాకుండా పోతుంది. అప్పుడు ఒళ్లు ఎదగకుండా ఆపాలని చూస్తారు, లేదా ఇంకో చిన్నపిల్లను తెస్తారు. మధ్యలో నలిగేది ఆ పిల్ల.

2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో 15 ఏళ్ల రష్యా స్కేటర్ కమీలా వాలియెవా విషయం అందరికీ గుర్తుండే ఉంటుంది. 2021 డిసెంబర్ 25న తీసిన శాంపిల్‌లో నిషేధిత మందు ఉందన్న సంగతి జట్టు పోటీ అయిపోయాక తెలిసింది. అంత టెన్షన్‌లో ఆ పిల్లను వ్యక్తిగత పోటీ కోసం మళ్లీ మంచు మీదకు పంపారు. ఫ్రీ స్కేట్‌లో ఆమె మళ్లీ మళ్లీ పడుతుంటే నేను టీవీ వైపు చూడలేకపోయాను. చివరికి ఆమె మీద నాలుగేళ్ల నిషేధం పడింది 2024 జనవరిలో. ఈ గొడవతో ఆగిపోయిన ఆ జట్టు పోటీ పతకాలు అమెరికా, జపాన్ స్కేటర్ల చేతికి వచ్చింది 2024 ఆగస్టులో, పారిస్‌లో. అందులో సకమోటో కూడా ఉంది. మంచు మీద గెలిచిన పతకం కోసం ఎండాకాలం ఒలింపిక్స్ దాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

ఆ బీజింగ్ గొడవ తర్వాతే, 2022 జూన్‌లో, అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ సీనియర్ పోటీల కనీస వయసును 15 నుంచి మెల్లగా 17కు పెంచాలని నిర్ణయించింది. నిరుటి సీజన్‌లో 16 అయింది, ఈ సీజన్‌లో 17. అంటే నిబంధన పూర్తిగా అమల్లోకి వచ్చాక జరుగుతున్న మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ ఈ బోస్టన్ పోటీయే. అందుకే దీని ఫలితం మీద నాకింత ఆశ.

ఈ నిబంధన వల్ల నష్టపోయినవాళ్లు లేకపోలేదు. జపాన్ అమ్మాయి మావో షిమాడా వరసగా మూడుసార్లు జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. అయినా వచ్చే ఏడాది మిలాన్ ఒలింపిక్స్‌కు వయసు చాలదు. ఆమె స్కేటింగ్ నాకు ప్రాణం, ఆమె లేని ఒలింపిక్స్ వెలితిగానే ఉంటుంది. అయినా నిబంధన సడలించమని మాత్రం అడగను. ఇరవై రెండేళ్ల షిమాడాను చూడాలని నా కోరిక.

అలీసా లియు సంగతి కూడా చెప్పాలి. 13 ఏళ్లకే అమెరికా జాతీయ చాంపియన్, 14 ఏళ్లకు పోటీలో క్వాడ్ లుట్జ్ (క్వాడ్‌లలో ఒక కష్టమైన రకం) దించింది. 16 ఏళ్లకు ఇక చాలని ఆట మానేసింది. కాలేజీలో చేరింది, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా నడిచింది, దాదాపు రెండేళ్లు రింక్‌కు దూరంగా ఉంది. ఇప్పుడు 19 ఏళ్లకు తిరిగొచ్చింది. ఇప్పుడు ఆ క్వాడ్ లేదు. దాని బదులు మొహంలో చిన్నప్పుడు ఎన్నడూ కనిపించని నవ్వు ఉంది. ఈ పోటీ ఆమె సొంతగడ్డ మీదే. 2006లో గెలిచిన కిమ్మీ మైస్నర్ తర్వాత అమెరికాకు మహిళల ప్రపంచ టైటిల్ లేదు. అక్కడి ఒత్తిడి ఎలా ఉంటుందో ఊహించగలను. జనవరి విమాన ప్రమాదంలో స్కేటర్లనూ కోచ్‌లనూ పోగొట్టుకున్న ఊరు కూడా బోస్టనే. ఆ హాలులో ప్రతి అమ్మాయికీ చప్పట్లు గట్టిగా మోగాలి.

25 ఏళ్లకు గ్రాండ్ ప్రి ఫైనల్ (సీజన్‌లో మేటి ఆరుగురి మధ్య జరిగే పోటీ) గెలిచిన అమెరికా స్కేటర్ ఆంబర్ గ్లెన్ ట్రిపుల్ యాక్సెల్ బాగా దించాలి. ఫిబ్రవరిలో హార్బిన్ ఆసియా శీతాకాల క్రీడల్లోనూ, సియోల్‌లో జరిగిన ఫోర్ కాంటినెంట్స్ చాంపియన్‌షిప్‌లోనూ గెలిచిన దక్షిణ కొరియా స్కేటర్ కిమ్ చే-యోన్ కూడా బాగా స్కేట్ చేయాలి. మీ పత్రికకు నాదొక విన్నపం. 28 తర్వాత ఫలితం వేసేటప్పుడు ఎన్ని మార్కులు వచ్చాయో, ఏ జంప్ వేసిందో రాయండి. వయసు రాసినా పక్కన వెటరన్ అని రాయొద్దు.

2022లో మాంపెల్లియే పోడియం మీద సకమోటో స్వర్ణం పట్టుకుని, పదహారేళ్ల లియు కాంస్యం పట్టుకుని నిలబడ్డారు. కొన్ని వారాలకే లియు వెళ్లిపోయింది. మళ్లీ వాళ్లిద్దరినీ ఒకే పోడియం మీద చూడాలి. సకమోటోయే పై మెట్టు మీద ఉండాలని నా ఆశ. కాదు, లియుయే అక్కడ ఉంటే, దానికీ చప్పట్లు కొడతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు
మార్చి, 2025