లేబుల్ మీద ఆ ఒక్క మాట

పొదలకూరు,
ఆదివారం.

చిరంజీవి అబ్బాయికి అమ్మ ఆశీస్సులు.

ఫోనులో మాట్లాడుతుంటే మీ నాన్న మధ్యలోనే అందుకుంటారు, అందుకే ఉత్తరం. నేను చేసే నిమ్మగడ్డి సబ్బుల్ని దసరాకు వచ్చినప్పుడు నువ్వు పట్టుకెళ్ళి, క్రిములను చంపుతాయో లేదో మీ కాలేజీ ల్యాబులో పరీక్షిస్తున్నావని పొదుపు సంఘంలో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఫలితం విన్నాక రెండు రోజులు నోరు మెదపలేదు. ఉత్త నిమ్మగడ్డి తైలం చుక్క వేసిన చోట క్రిములు లేకుండా రూపాయి బిళ్ళంత ఖాళీ, సబ్బు నీళ్ళు వేసిన చోట ఉందా లేదా అన్నంత సన్నని గీత. అంతేగా నువ్వు చెప్పింది?

మనసు చివుక్కుమన్న మాట నిజం. కానీ లెక్క వేసుకుంటే నువ్వు చెప్పిందే సరి. కిలో కొబ్బరి నూనెకు నేను కలిపే తైలం 30 గ్రాములు. అంతకు మించితే ఒళ్ళు మండుతుంది. అందులోనూ కొంత నెల పైగా ఆరబెట్టేటప్పుడు గాలికి పోతుంది. గది అంతా గుమగుమలాడుతుంటే మురిసిపోయేదాన్ని, పోతున్నది నా డబ్బేనని తట్టలేదు. మిగిలిన ఆ కాస్తా ఒంటి మీద అర నిమిషం నురగలో ఉండి నీళ్ళతో కొట్టుకుపోతే ఇక క్రిములను ఎప్పుడు చంపుతుంది?

అలాగని సబ్బు దండగ కాదు. చేపల పులుసు వండిన గిన్నె ఉత్త నీళ్ళకు లొంగుతుందా? సబ్బు అణువు ఒక కొసతో కొవ్వును, రెండో కొసతో నీటిని పట్టుకుంటుంది, క్రిముల పై పొరలోనూ కొవ్వు ఉంటుంది అని నువ్వు చెప్పినప్పుడు నాకు ఆ గిన్నే గుర్తొచ్చింది. 2016లో అమెరికాలో క్రిములను చంపడానికి కలిపే ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలను యాంటీబాక్టీరియల్ అని అమ్మే సబ్బుల్లో వాడకూడదన్నారట కదా, మామూలు సబ్బు కంటే మేలని కంపెనీలు రుజువు చూపలేకపోయాయని. ఆ మాట మా అధ్యక్షురాలికి చెప్పాను. ఆవిడ మాత్రం "యాంటీబాక్టీరియల్ అని లేకపోతే ఎవరు కొంటారు?" అని పట్టుబట్టింది. కొత్త లేబుళ్ళు రెండు వందలు అచ్చు వేయించి ఉన్నాయి మరి, ఆవిడ బాధ ఆవిడది. నేను మాత్రం ఆ మాట మీద నల్ల సిరా పూస్తూ కూర్చున్నాను, ముప్పై అయ్యాయి. అసలు సబ్బు చేసి అమ్మాలంటేనే 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల కింద లైసెన్సు కావాలి. ముందు అది తేలాలి.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. మొదట్లో నేను నూనెను సబ్బుగా మార్చే కాస్టిక్ సోడాను సత్తు (అల్యూమినియం) గిన్నెలో కలిపాను. చూస్తుండగానే బుసబుసా పొంగి, గిన్నె నల్లబడి, అడుగంతా గుంటలు పడింది. ఆ వచ్చేది మండే వాయువని తర్వాత తెలిసింది. పక్కనే పొయ్యి వెలగకపోవడం మన అదృష్టం. ఇప్పుడు స్టీలు గిన్నె, కళ్ళద్దాలు, చేతికి తొడుగులు. కాస్టిక్‌నే నీళ్ళలో వేస్తాను కానీ, నీళ్ళను కాస్టిక్ మీద పోయను. కిలో నూనెకు 174 గ్రాములు, ఒక్క గ్రాము ఎక్కువ కాకుండా.

ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. ఊరంతా నిమ్మకాయలే కదా అని ఒకసారి నీళ్ళకు బదులు నిమ్మరసం పోశాను. పులుపు కాస్టిక్‌లో కొంత మింగేసింది, నూనె అంతా సబ్బు కాలేదు. మెత్తగా, జిడ్డుగా, గోరు గుచ్చితే దిగబడిపోయే ముద్ద వచ్చింది. మీ నాన్న దాంతో స్కూటర్ తుడుచుకుంటున్నారు, బాగుందనే అంటారు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు అర గ్రాము తేడా కూడా చూపించే తూకం ఒకటి పట్టుకురా, ఇక్కడి కొట్టు తూకం మీద నాకు నమ్మకం లేదు. క్షారం చూసే కాగితాలు కూడా ఓ కట్ట. డబ్బు సంఘం ఇస్తుంది, బిల్లు తెచ్చుకో.

అమ్మ