మడతకుర్చీ ఇచ్చిన పెద్దావిడకు

అమ్మ తెనాలి నుంచి మా దగ్గరికొచ్చి అప్పటికి పది రోజులే. ఇంగ్లండ్‌లో వెస్ట్ ససెక్స్‌లోని పెట్‌వర్త్ హౌస్ అనే పాత భవంతిలో కళ, ప్రకృతి, పరిరక్షణ గురించి ఉదయం పూట మాట్లాడుతున్నారంటే తీసుకెళ్లాను. గ్రిన్లింగ్ గిబ్బన్స్ అనే పాతకాలపు శిల్పి చెక్క మీద చేసిన చెక్కడాలున్న గదిలో నిలబడి వింటుండగా అమ్మకు కళ్లు తిరిగాయి. చుట్టూ కుర్చీలున్నాయి గానీ అన్నీ వందల ఏళ్ల నాటివి. ఎవరూ కూర్చోకుండా ఒక్కోదాని మీద ఒక ఎండిన పైన్ కాయ పెట్టారు. టెన్షన్‌తో నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మూలనున్న మీ మడతకుర్చీ తెచ్చి వేశారు. అమ్మ భుజం పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టారు. మీ మోకాలికి పట్టీ ఉందని నేను తర్వాత చూశాను. ఆ కాలితోనే మిగతా గంటా నిలబడ్డారు.

అమ్మకు ఇంగ్లీషు రాదని తెలిసి, వంగి, టర్నర్ అనే చిత్రకారుడు గీసిన చెరువు బొమ్మ చూపించారు. సూర్యాస్తమయం, కొమ్ములతో కలబడే జింకలు. మీరు తలకు రెండు చేతులూ కొమ్ముల్లా పెట్టి చూపిస్తే అమ్మ నవ్వేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత కిటికీ వైపు చెయ్యి చాపారు. సగం దించిన తెర కింద నిజం చెరువు! వెలుతురుకు వెలిసిన రంగు మళ్లీ రాదని, అందుకే తెరలని చెప్పారు. నేను తెలుగులో చెబితే, "మా పట్టుచీరలూ అంతేగా" అంది అమ్మ.

కంగారులో మీ పేరు అడగలేదు, సరిగా థాంక్స్ కూడా చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "ఆ కుర్చీ ఆవిడ కనిపించిందా?" అంటోంది అమ్మ. మీకోసం పంపిన సున్నుండల డబ్బా నా దగ్గరే ఉంది.